గాయాన్ని దాచడం పరదాపోషీ కాదు

‘బిడ్డ రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తోంది మౌలానా, అసర్ అయిందేమో, తావీజు ఇవ్వండి’ అంటూ వచ్చే తల్లులు ప్రతి మసీదు దగ్గరా కనిపిస్తారు. వారిలో కొందరి పిల్లలు అప్పటికే నోరు విప్పి ఉంటారు. మామూనో, పొరుగింటివాడో, సబక్ చెప్పే ఉస్తాదో తమతో ఎలా ప్రవర్తించాడో చెప్పి ఉంటారు. విన్న పెద్దలు తలుపులు మూసి, ఖాందాన్ ఇజ్జత్ పేరుతో ఆ నోరు మూయించి ఉంటారు.

2007లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాల్లో జరిపిన అధ్యయనాన్ని వెల్లడించింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురయ్యామని 53.22 శాతం పిల్లలు చెప్పారు. దోషుల్లో సగం మంది వారికి తెలిసినవారే. మన మొహల్లాలు, మన మదర్సాలు దీనికి అతీతమనుకోవడం ఆత్మవంచన.

తోటివారి ఐబులు కప్పమని దీన్ చెప్పలేదా అని కొందరు వాదిస్తారు. తౌబా చేసుకునే మనిషి సొంత తప్పిదం వేరు, పసిబిడ్డపై జరిగిన జుల్మ్ వేరు. దీన్ని దాచితే రేపు మరో బిడ్డను అదే చేతులకు అప్పగించినట్లే. సొంత బంధువులకు వ్యతిరేకమైనా న్యాయసాక్ష్యం నుంచి తప్పుకోరాదన్నది నిసా సూరా 135వ ఆయత్ ఆదేశం.

అసలు భయం పోలీసులంటేనే. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవారెవరైనా, డాక్టరైనా సరే, ఫిర్యాదు చేయాల్సిందే. అందుకే చాలా కుటుంబాలు డాక్టరు గడప కూడా తొక్కవు. అయితే అదే చట్టం బిడ్డ పేరు, ఫొటో, చిరునామా పత్రికలకెక్కకూడదంటుంది. యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా ఎస్.ఐ. ఇంటికే వచ్చి వాఙ్మూలం తీసుకోవాలంటుంది. మగపిల్లలకూ ఇదే చట్టం. ‘వాడు మగాడు, మరచిపోతాడులే’ అనే మాట మన ఇళ్ళలో మరీ ఎక్కువ.

కేసు తేలేదాకా చికిత్స ఆపనక్కర్లేదు. 2020 నియమాల ప్రకారం కుటుంబానికి తోడుగా ఉండే సహాయక వ్యక్తిని బాలల సంక్షేమ కమిటీ ఏర్పాటు చేయవచ్చు. తీర్పు రాకముందే ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రంలో పోలీసు, న్యాయ, వైద్య సహాయంతోపాటు కౌన్సెలింగ్ కూడా ఒకేచోట దొరుకుతుంది.

మానసిక చికిత్స అంటే పిచ్చికి వైద్యం కాదు. ఆటలతో, బొమ్మలతో, నెమ్మదైన మాటలతో బిడ్డ భయాన్ని దించడం. ఒక పద్ధతిలో సుమారు 12 నుంచి 16 సార్లు కూర్చోవాలి. తల్లిదండ్రులూ కూర్చోవాలి, ఎందుకంటే తామే కాపాడలేకపోయామన్న బాధ వారినీ తినేస్తుంది. రోజుకూలి తండ్రి అన్నిసార్లు పని మానగలడా? ఇక్కడే బైతుల్‌మాల్ ముందుకు రావాలి. ఇఫ్తార్ పందిళ్ళకు ఖర్చు చేసే మన కమిటీలకు ఒక బిడ్డ ఆటో కిరాయి భారమవుతుందా?

తావీజు అడిగిన తల్లికి దుఆ చేసి పంపండి, ఎవరూ వద్దనరు. కానీ ముందు బిడ్డను ఎవరైనా ఏమైనా చేశారా అని మెల్లగా అడగండి. పిల్లల సహాయానికి 1098, మానసిక సలహాకు 14416. ఈ రెండు నంబర్లూ నమాజు వేళల బోర్డు పక్కనే రాయించండి.