సేఫ్ ఐలాండ్ అంటే ఎవరికి సేఫ్?



చలికాలం వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో టూర్ కబుర్లు మొదలవుతాయి. ఉద్యోగం వచ్చినవాళ్లు అండమాన్ అంటున్నారు. చేతిలో డబ్బులు తక్కువున్నవాళ్లు కోనసీమ చాలంటున్నారు. "అక్కడ సేఫేనా? మనల్ని బాగా చూస్తారా?" అని చెల్లెళ్లు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నలే. ఎప్పుడూ మన ఊళ్లకు టూరిస్టులు రావడమేనా, మనం టూరిస్టులం కాకూడదా? తప్పకుండా వెళ్దాం. కానీ ఆ రెండు ప్రశ్నలకు జవాబు రిసార్ట్ ఫొటోల్లో దొరకదు. అక్కడ బతికే మనుషుల్ని చూస్తేనే తెలుస్తుంది.

ముందు అండమాన్ సంగతి. ప్యాకేజీల్లో బారాటాంగ్ సున్నపురాయి గుహలు అని ఉంటుంది. అక్కడికి పోయే రోడ్డు జరావా ఆదివాసుల అడవిలోంచి వెళ్తుంది. ఆ అడవిలో రోడ్డును మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అయినా బళ్ల వరసలు ఆగలేదు. జరావా ఆడవాళ్ల చేత టూరిస్టుల ముందు డ్యాన్స్ చేయించిన వీడియో 2012లో ప్రపంచమంతా చూసింది. అదే అండమాన్‌లో నార్త్ సెంటినెల్ దీవి వాళ్లయితే బయటివాళ్లు రావద్దని బాణాలతోనే చెబుతున్నారు. చట్టమూ వెళ్లొద్దనే అంటోంది. 2018లో ఒక అమెరికా కుర్రాడు వినకుండా వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. రమ్మనని ఇంటికి మనం ఎందుకు వెళ్లాలి? అండమాన్ వెళ్లేవాళ్లు సముద్రం చూడండి, సెల్యులార్ జైలు చూడండి. జరావాల రోడ్డు మాత్రం మనకొద్దు.

ఇక కోనసీమ. ఇదీ దీవే కదా! గౌతమి, వశిష్ఠ పాయల మధ్య, సముద్రం అంచున కొబ్బరి చెట్ల దీవి. పాపికొండల నడుమ దిగిన గోదారే ధవళేశ్వరం దాటి అక్కడికి చేరుతుంది. దిండిలో హౌస్‌బోట్లు ఉన్నాయి. అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూడొచ్చు. ఆత్రేయపురం పూతరేకుల గురించి వేరే చెప్పక్కర్లేదు.

మరి సేఫేనా? 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. మనం రెండు రోజులుండి వచ్చేస్తాం. ఆ పైపుల పక్కనే వాళ్లు రోజూ నిద్రపోతారు. వానాకాలంలో వరదొస్తే లంక ఊళ్లవాళ్లకు పడవే దిక్కు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి, సిగ్గుపడకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు 26 మందే బతికారు. పడవల్లో వెళ్లి వాళ్లను ఒడ్డుకు చేర్చింది అక్కడి ఆదివాసులే. సేఫ్టీ అంటే బోర్డు మీద రాత కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

బాగా చూస్తారా అంటే, చూస్తారు. "రండి, కూర్చోండి, ఆయ్" అనే మర్యాదకు పేరున్న నేల అది. కానీ 2022 మే 24నీ మర్చిపోకూడదు. జిల్లా పేరులో అంబేడ్కర్‌ను చేర్చొద్దంటూ అమలాపురంలో మంత్రి ఇంటికి, ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. అయినా ఆ పేరే నిలిచింది. ఇవాళ అది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా. "మీరేవిట్లు?" అని అడిగి, జవాబు విన్నాక కూడా అదే గ్లాసులో నీళ్లిస్తే అదీ మర్యాద.

నా మాట ఏంటంటే, ఈసారి కోనసీమే వెళ్దాం. వరదలు తగ్గాక, డిసెంబరు, జనవరిలో. డబ్బు రిసార్టుకే పోకుండా చూద్దాం. కొబ్బరి దింపేవాళ్ల దగ్గర బొండాలు, చేపలు పట్టేవాళ్ల దగ్గర చేపలు కొందాం. అంబేడ్కర్ పేరు కోసం నిలబడిన అక్కడి కుర్రాళ్లతో కూర్చుని మాట్లాడదాం. ఎవరి ఫొటో అయినా అడిగే తీద్దాం. రేపు మన గూడేనికి వచ్చి అడక్కుండా కెమెరా ఎత్తే వాళ్లను ఆపాలంటే, ముందు మనం ఆ పద్ధతి పాటించాలి కదా.