కుక్క గుండెలో కాపురం

బోదకాలు అంటే ఏమిటో మన కోస్తా జిల్లాలవాళ్ళకి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. దోమ కుట్టడం, కంటికి కనబడని పురుగు ఒంట్లో చేరడం, ఏళ్ళు గడిచాక కాలు స్తంభంలా వాయడం మనం వీధిలో చూసినవే. ఆ పురుగుకి ఒక దాయాది ఉంది. అది కుక్క గుండెలో కాపురం పెడుతుంది. మా అక్క కూతురు అమెరికాలో, హ్యూస్టన్‌లో, దిక్కులేని కుక్కల ఆశ్రమం నుంచి ఒకదాన్ని తెచ్చుకోకపోతే ఈ సంగతి నా దాకా వచ్చేది కాదు.

కుక్క తింటోంది, తిరుగుతోంది. కాస్త దగ్గు, అంతే. రక్తం పరీక్ష చేసి గుండెపురుగు ఉందన్నారు. ఇక్కడ మా అక్క ఫోనులో ఒకటే గోల: "ఒరే, నువ్వు పుస్తకాలు చదివేవాడివి కదా! అది పిల్లకి అంటుకుంటుందేమో కనుక్కో." తెలుగు ఎమ్మేకీ కుక్కల వైద్యానికీ ఏమిటి సంబంధమని ఆవిడ అడగదు. తమ్ముడంటే సర్వజ్ఞుడే.

కనుక్కున్నాను. ఆడపురుగు జానెడు పైనే ఉంటుంది, ఉడికిన సేమ్యా పోగులా. గుండె కుడివైపునా, ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్ళే నాళాల్లోనూ 5 నుంచి 7 ఏళ్ళు బతుకుతుంది. దాని పిల్లలు రక్తంలో ఈదుతుంటాయి. దోమ ఆ రక్తం తాగితే, వెచ్చటి రోజుల్లో రెండు వారాలకల్లా అవి దోమ ఒంట్లో ఎదిగి, ఇంకో కుక్కని కుట్టినప్పుడు దానిలోకి దిగుతాయి. అక్కడ పెద్దవై పిల్లల్ని కనడానికి సుమారు ఆరు నెలలు. నాకితే రాదు, పక్కన పడుకుంటే రాదు. మధ్యన దోమ ఉండాల్సిందే. దోమ మూలంగా మనిషిలోకి ఎప్పుడైనా చేరినా, అక్కడ పండదు. సాధారణంగా ఊపిరితిత్తిలో చచ్చి మచ్చగా మిగులుతుంది. ఎక్స్‌రేలో ఆ మచ్చ చూసి కాన్సరేమోనని కంగారుపడ్డ సందర్భాలున్నాయి.

ఇదంతా విని మా అక్క, "అయితే దోమతెర కట్టమను" అంది.

"పిల్లకా, కుక్కకా?"

"ఇద్దరికీనూ!"

నవ్వాను గాని, ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. జబ్బు కుక్కని దోమలకి దూరంగా ఉంచితే పక్కింటి కుక్కని కాపాడినట్టే.

వైద్యం తేలిక కాదు. ముందు నెల్లాళ్ళు మాత్రలు, తరవాత మూడు సూదిమందులు. ఆ సూదిమందు పాషాణం జాతిది. చచ్చిన పురుగులు ముక్కలై ఊపిరితిత్తుల నాళాల్లో అడ్డంపడతాయి గనక నెలల తరబడి కుక్క పరుగెత్తకూడదు, గంతులెయ్యకూడదు. బంతి చూస్తే ఆగలేని ప్రాణికి ఇది ఎంత శిక్షో ఆలోచించండి. రాకుండా చూసుకోవడానికి మాత్రం నెలకొక మాత్ర చాలు.

ఆ మాత్ర సంగతే చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. అది రాబోయే నెలకి కవచం కాదు. గడిచిన నెలలో ఒంట్లో దిగిన పసిపురుగుల్ని ఊడ్చే చీపురు. రెండు నెలలు మరిచిపోతే పసివి ముదురుతాయి, చీపురికి లొంగవు. చలికాలం దోమలుండవు, మాత్ర మానేద్దామా అన్నాడు మా అక్క అల్లుడు. హ్యూస్టన్ చలిని నమ్ముకుని ఆ పని చెయ్యద్దని నేను గట్టిగానే చెప్పాను.

కుక్క ఊరు మారితే జబ్బూ మారుతుంది. 2005లో కత్రినా తుపాను ముంచెత్తాక న్యూ ఆర్లియన్స్ ప్రాంతపు కుక్కల్ని పుణ్యాత్ములు దూర రాష్ట్రాలకు చేరవేశారు. వాటిలో చాలావాటి గుండెల్లో పురుగులున్నాయి. దయ మంచిదే. బండి ఎక్కించేముందు రక్తం పరీక్ష కూడా ఉండాలి.

మన దేశంలో ఈ గుండెపురుగు ఈశాన్య రాష్ట్రాల్లో కనిపించింది. కేరళ వైపు కుక్కల్లో మరో దాయాది ఉంది, చర్మం కింద ఉండే రకం. దోమ ద్వారా అది మనిషికీ వస్తుంది. కంటి తెల్లగుడ్డు మీద కదులుతుంటే డాక్టర్లు తీసిన కేసులున్నాయి. ఆ ప్రాంతాలనుంచి కుక్కని తెచ్చుకునేవాళ్ళు పశువైద్యుడి చేత రక్తం చూపించండి.

ఒక్క మాట. నెలమాత్రల్లో వాడే ఐవర్‌మెక్టిన్‌ను పుట్టించిన సూక్ష్మజీవి జపాన్ మట్టిలో దొరికింది. ఆ పరిశోధనకి ఒమురా, కాంప్‌బెల్ 2015లో నోబెల్ అందుకున్నారు. అదే మందు పశువులకీ వాడతారు గనక, గేదెకి తెచ్చిన సీసాలోంచి కుక్కకి నాలుగు చుక్కలు పోసేవాళ్ళున్నారు. కుక్కకి కావలసింది లవలేశం. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి పెద్ద మోతాదు మెదడుకెక్కుతుంది, ప్రాణం పోవచ్చు. రక్తంలో పురుగుపిల్లలు నిండి ఉన్నప్పుడు మందు వేస్తే అవన్నీ ఒక్కసారిగా చచ్చి కుక్క కుప్పకూలే ప్రమాదమూ ఉంది. పరీక్ష అయ్యాకే, కుక్కని తూచి, డాక్టరు రాసిన మాత్రే వెయ్యండి.