పంచకోశాలు ఐదు పీరియడ్లు కావు



ఎప్పుడూ పద్యాలను, వ్యాకరణాన్ని గురించి వ్రాసే నేను ఈసారి మూడేళ్ళు నిండి ఆరేళ్ళు నిండని పిల్లల చదువును గురించి వ్రాయదలచాను. తెలుగు పండితునికి శిశువిద్యతో పనేమిటని అడగవచ్చు. అక్కడ వేసిన పునాది మీదనే కదా ఉన్నత పాఠశాలలో మేము గోడలు లేపేది! ఆరవ తరగతికి వచ్చి, పాఠాన్ని గడగడ చదివి, చదివినదేమిటో తన మాటలలో చెప్పమంటే నోరు మెదపని పిల్లలను ఉద్యోగకాలమంతా చూస్తూ వచ్చాను. వారికి అక్షరాలు వచ్చు, నలుగురిలో నోరు విప్పడం రాదు. ఆ లోపం ఆరవ తరగతిలో పుట్టినది కాదు.

శిశువు సమగ్ర వికాసం అనే మాట ఇప్పుడు విద్యాశాఖ పత్రాలలో తరచుగా కనిపిస్తున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి 2022 అక్టోబరులో పునాది దశకు జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం వెలువడింది. మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసు పిల్లలు దాని పరిధిలోకి వస్తారు. ఆ పత్రంలో సమగ్ర వికాసాన్ని వివరించడానికి పంచకోశ భావనను ఆధారంగా తీసుకున్నారు. అన్నమయం, ప్రాణమయం, మనోమయం, విజ్ఞానమయం, ఆనందమయం అనే ఈ ఐదింటికీ మూలం తైత్తిరీయోపనిషత్తు. చిన్నపిల్లల చదువుకు ఇంతటి పెద్ద భావనను జోడించినందుకు సంతోషించినవారిలో నేనూ ఒకడిని.

నా భయమల్లా ఒక్కటే. మన బడులకు ఏది ఇచ్చినా దానిని కాలపట్టికగా మార్చే అలవాటు ఉన్నది. తొమ్మిదిన్నరకు శారీరక వికాసం, పదింటికి భాషా వికాసం, పదిన్నరకు మేధా వికాసం, మిగిలితే ఆనందం. ఐదు కోశాలు ఐదు పీరియడ్లయి, గోడమీద ఐదు రంగుల పటమై కూర్చుంటాయి. ఉపనిషత్తు చెప్పిన పద్ధతి అది కాదు. అక్కడ ఒకదాని లోపల ఒకటి ఉన్నది, లోపలిది వెలుపలిదాన్ని నింపి ఉన్నది. ఒకదానిని పక్కనబెట్టి మరొకదానిని పెంచడమనే ప్రసక్తే లేదు. పైగా ఆ వరుస అన్నంతో మొదలైంది. ఆకలితో ఉన్న పిల్లవానికి విజ్ఞానమయ కోశాన్ని గురించి ఎవరేమి చెప్పగలరు?

ఒక్క పనిలో ఐదూ ఇమిడి ఉండడం సాధ్యమా అంటే, మన పెరళ్ళలోనే నిదర్శనం ఉన్నది. వామనగుంటల ఆటను తీసుకోండి. రెండు వరుసలలో ఏడేసి గుంటలు, గుప్పెడు చింతగింజలు. గింజను వ్రేళ్ళ కొసలతో పట్టి ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటిగా విడవడం చేతికి శిక్షణ. ఎన్ని ఉన్నాయో, ఎక్కడికి చేరుతాయో ఊహించడం లెక్క. ఎదుటివారి వంతు పూర్తయ్యేవరకు చేతులు కట్టుకొని కూర్చోవడం ఓర్పు. గుంట ఖాళీ అయినప్పుడు ఏడవకుండా మళ్ళీ ఆడడం మనసుకు పాఠం. "నువ్వు రెండు వేశావు, తొండి!" అని వాదించడం భాష. ఇందులో ఏ నిమిషం ఏ కోశానిదో ఎవరైనా విడదీసి చెప్పగలరా? అయితే ఇది ఐదేళ్ళు దాటిన పిల్లల ఆట. మూడేళ్ళవారి చేతికి గింజలిస్తే నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. వారికి ఇసుక, నీళ్ళు, తడిమట్టి, గుజ్జనగూళ్ళు చాలు. ఏ వయసుకు ఏది అనే వివేకమే పాఠ్యప్రణాళిక.

ఇక అక్షరాల మాట. ఈ విషయంలో తెలుగు పండితుడిగా నాకు కొంత అధికారం ఉన్నదనుకుంటాను. మన వర్ణమాల క్రమం ఉచ్చారణ స్థానాలను బట్టి ఏర్పడిన శాస్త్రక్రమం. వ్యాకరణం నేర్చేవారికి అది వరం, నాలుగేళ్ళ పసివానికి కాదు. ఉ, ఊల వెంటనే వాడు ఋకారాన్ని దిద్దాలి. వాడు రోజూ పలికే ఎన్ని మాటలలో ఆ అక్షరం ఉన్నది? మామ, పాప, వాన వంటి మాటలలో వ, ప, మ లు ఒకదానికొకటి పోలికగల అక్షరాలు. మాటలు కూడా వాడివే.

అంతకంటె పెద్ద విషయం మరొకటి. ఆంగ్లంలో అక్షరాలు 26. మన 35 హల్లులకు ఒక్కొక్కదానికి 12 గుణింతరూపాలు లెక్కవేసినా 420 అవుతాయి. ఒత్తులు వేరు. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో పిల్లలు అక్షరాలు నేర్చే వేగంపై సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరజ్ఞానం పూర్తిగా అబ్బడానికి ప్రాథమిక తరగతులలో ఏళ్ళు పడుతుందని చూపింది. అది పిల్లల మాంద్యం కాదు, లిపి స్వభావం. ఆంగ్లపు ఎల్కేజీ వేగాన్ని తెచ్చి తెలుగు పలకమీద రుద్దితే దెబ్బతినేది పిల్లవాడు, దాని వెనుక తెలుగు. మా దగ్గరికి వచ్చేసరికి వాడికి తెలుగంటే దిద్దుడు, దిద్దుడంటే శిక్ష.

మరి అంతవరకు చేతికి ఏమి పని? పూలు గుచ్చడం, మట్టిముద్ద పిసకడం, నేలమీద చుక్కలు పెట్టి ముగ్గు కలపడం. మన అక్షరాలన్నీ వంపులే. ముగ్గుకు తిరిగిన మణికట్టు అక్షరానికి తేలికగా తిరుగుతుంది. చెవికి కథలు, పాటలు, పొడుపుకథలు. అవి కూడా ఇంటిభాషలో మొదలుకావాలి. మన్యంలో ఇంటిభాష తెలుగు కానక్కర లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకోసం సవరభాషలో వాచకాలు వ్రాసినది ఈ విషయం ఎరిగే.

పాత ఆటలన్నీ పవిత్రమైనవని నేను అనను. గోళీలు, బొంగరాలు మగపిల్లలవి, అచ్చంగిల్లాలు, చెమ్మచెక్క ఆడపిల్లలవి అని గీత గీసినవాళ్ళం మనమే. ఏ వాకిట్లోకి ఏ పేట పిల్లలు రావచ్చునో, రాకూడదో నిర్ణయించినవాళ్ళమూ మనమే. బడిలోకి తెచ్చేటప్పుడు ఆటను తెచ్చుకొని ఆ గీతను వాకిట్లోనే చెరిపివేయాలి. పక్కపక్కన కూర్చుని ఒకే పళ్ళెంలోని గింజలు పంచుకున్న పిల్లలకు సమానత్వాన్ని గురించి వేరే పాఠం అంతగా అవసరముండదు.

ఇదంతా ఎక్కడ సాధ్యం? 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పటినుంచి అంగన్‌వాడీ మన ఊళ్ళలో ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి. గుడ్డు, అన్నం అక్కడ దొరుకుతాయి. అంటే ఉపనిషత్తు మొదలుపెట్టిన చోటనే అంగన్‌వాడీ కూడా మొదలుపెట్టింది. అయినా నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే తల్లిదండ్రులు పిల్లవానికి టై కట్టి ప్రైవేటు బడి వ్యానెక్కిస్తున్నారు. "అంగన్‌వాడీలో ఏమీ చెప్పరండీ, ఆడిస్తారు" అంటారు. వారిని తప్పుపట్టలేను. కూలికి వెళ్ళే తల్లికి నోటుపుస్తకంలోని నాలుగు పంక్తులే చదువు జరిగినదనడానికి కంటికి కనిపించే రుజువు. ఆటలో జరిగిన చదువును ఆమెకు చూపించినవారెవరు?

కేంద్రం 2023లో ప్రారంభించిన 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమం అంగన్‌వాడీలలో రోజుకు కనీసం రెండు గంటల పూర్వప్రాథమిక విద్య ఉండాలంటున్నది. మంచిదే. కానీ రిజిస్టర్లు, ఫోనులో వివరాల నమోదు, సరుకుల లెక్క, ఇంటింటి సందర్శన అన్నీ ఒక్క టీచరు మీదనే ఉంటే, ఆ రెండు గంటలు కాగితం మీదనే గడుస్తాయి. పిల్లలతో గడపడానికే ఒక మనిషిని ప్రత్యేకించాలి. నెలకొకసారి తల్లిదండ్రులను పిలిచి అరగంట కూర్చోబెట్టాలి. పిల్లవాడు కథ చెబుతుంటే, గింజలు లెక్కపెడుతుంటే, తోటివానికి చోటిస్తుంటే వారు కళ్ళారా చూడాలి. నోటుపుస్తకం చేసే పనిని అప్పుడు పిల్లవాడే చేస్తాడు.

పాఠ్యప్రణాళిక వ్రాసేవారికి నా విన్నపం ఇంతే. కోశాలకు గంటలు కేటాయించకండి. వయసుకు తగిన పది పనులు ఎంచి, ఒక్కొక్కదానిలో ఐదు కోశాలూ ఉన్నాయా అని పరీక్షించండి. ఏదైనా లోపిస్తే ఆ పనిని మార్చండి.

మీ ఇళ్ళలో మూడు, నాలుగేళ్ళ చిన్నారులున్నవారు వారి బడిలో రోజు ఎలా గడుస్తున్నదో వ్యాఖ్యలలో తెలియజేయగలరు. మీ ప్రాంతపు పిల్లల ఆటల పేర్లు కూడా వ్రాస్తే మరీ సంతోషం.

స్వస్తి.