గల్లీ రోడ్డు దయ కాదు, హక్కు

2024 మార్చి 7న అల్వాల్‌లో ఒక శంకుస్థాపన జరిగింది. ప్యారడైజ్ కూడలి నుంచి శామీర్‌పేట వద్ద ఔటర్ రింగ్ రోడ్డు వరకు రాజీవ్ రహదారిపై నిర్మించే ఎలివేటెడ్ కారిడార్‌కు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పునాదిరాయి వేశారు. పొడవు సుమారు 18 కిలోమీటర్లు, అంచనా వ్యయం 2,232 కోట్ల రూపాయలు. రక్షణ శాఖ భూముల చిక్కుతో ఏళ్ల తరబడి నిలిచిపోయిన పని కదిలినందుకు మేమూ సంతోషించాము. రోజూ ఆ రద్దీలో నలిగేవారిలో మన పిల్లలూ ఉన్నారు. అయితే ప్రధాన రహదారి దిగి గల్లీలోకి తిరిగిన ప్రతివారి మనసులోనూ ఒక ప్రశ్న మెదులుతుంది. ఆకాశంలో వేసే దారికి వేల కోట్లు దొరికినప్పుడు, నేలమీది వీధికి నాలుగు తట్టల కంకర ఎందుకు దొరకదు?

వానలు వెనుదిరిగాయి, గుంతలు మిగిలాయి. ఫజ్ర్ నమాజుకు చీకట్లో బయల్దేరే వృద్ధునికి, నిండు నెలలతో ఆటోలో ఆసుపత్రికి వెళ్లే ఆడబిడ్డకు, జనాజాను భుజాన మోసే నలుగురికి వాటి లోతు తెలుసు. ఆటో డ్రైవరుకు, తోపుడుబండి వ్యాపారికి, బండిమీద పార్సిళ్లు చేరవేసే యువకునికి అవి రోజు సంపాదనలో కోత. గుంతకు మతం లేదన్న మాట నిజమే. కానీ దారి చెడితే ముందుగా దెబ్బతినేది పేదవాడు. ఆ పేదల్లో మన సముదాయం ఎక్కడుందో సచార్ కమిటీ 2006లోనే దేశం ముందు పెట్టింది. ముస్లిం జనాభా అధికంగా ఉన్న గ్రామాలకు పక్కా రోడ్లు, బస్టాపులు సైతం కొరవడ్డాయని ఆ నివేదిక తెలిపింది. పట్టణానికి వచ్చిన వారినీ ఆ కొరత వెంటాడుతూనే ఉంది.

అల్వాల్ విషయంలో మరో చిక్కు ఉంది. 2007 ఏప్రిల్ 16 వరకు అది సొంత మున్సిపాలిటీ. పన్నెండు మున్సిపాలిటీలను, ఎనిమిది గ్రామ పంచాయతీలను హైదరాబాద్ నగరంలో కలిపి జీహెచ్ఎంసీని ఏర్పాటు చేసినప్పుడు అదీ అందులో చేరిపోయింది. ఒకప్పుడు ఊళ్లోనే తీరిన మాట ఆ తరువాత 150 డివిజన్ల మహాసభలో మచ్చబొల్లారం, అల్వాల్, వెంకటాపురం కార్పొరేటర్లు ముగ్గురి గొంతుగా మిగిలింది. దానికి తోడు పక్కనే కంటోన్మెంట్ బోర్డు హద్దు, నడుమ రాష్ట్ర రహదారి. ఒక వీధి మొదలు ఒకరి పరిధి, చివర మరొకరి పరిధి అయినప్పుడు ఫిర్యాదు పట్టుకున్న పౌరుడు కార్యాలయాల మధ్య బంతి అవుతాడు.

వీధి మరమ్మతు ఎలా నిర్ణయమవుతుందో మనలో చాలామందికి తెలియదు. తెలియకపోవడమే మన మొదటి నష్టం. క్షేత్రస్థాయి ఇంజనీరు వీధిని చూసి అంచనా తయారు చేస్తారు. పని విలువను బట్టి ఆ అంచనా అధికారుల వద్దో, స్థాయీ సంఘం వద్దో, పాలకమండలి వద్దో, అంతకు మించితే ప్రభుత్వం వద్దో అనుమతి పొందాలి. తరువాత టెండరు, పని, కొలతల నమోదు, బిల్లు. అంచనాయే లేని వీధి ఈ మెట్లలో మొదటిది కూడా ఎక్కదు. ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి పద్దుల కసరత్తు అంతకు ముందరి శీతాకాలంలోనే సాగుతుంది. మనం మాత్రం జూలై వానలో మోకాలిలోతు నీళ్లలో నిలబడి వినతిపత్రం ఇస్తాము. అప్పటికి ఆ ఏటి లెక్క ముగిసి ఉంటుంది. ప్యాచ్‌వర్క్ పేరిట నాలుగు గుంతలు పూడుస్తారు, మరుసటి వానకు అవి మళ్లీ తేలుతాయి.

డబ్బు లేదన్న జవాబు తరచుగా వినిపిస్తుంది. 2025-26కు జీహెచ్ఎంసీ ఆమోదించిన బడ్జెట్ 8,440 కోట్ల రూపాయలు. అందులో ఆస్తి పన్ను ఒక ప్రధాన ఆదాయం. రెండు గదుల ఇంటి యజమానీ దాన్ని కడతాడు. అద్దెకున్నవాడు అద్దె రూపంలో తానూ ఆ భారం మోస్తాడు. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల పథకం కోసం 2018 ఫిబ్రవరిలో జీహెచ్ఎంసీ 8.90 శాతం వడ్డీకి 200 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసింది. ఆ తరువాత మరిన్ని జారీ చేసింది. ఆ వడ్డీ చెల్లించేదీ ఈ నగర ఖజానాయే. అంటే పెద్ద దారుల అప్పులో గల్లీవాసికి వాటా ఉంది. గల్లీ బాగోగుల్లో మాత్రం పెద్ద దారులకున్న హామీ అతనికి లేదు.

దీనికి మంచి ఉదాహరణ సమగ్ర రోడ్డు నిర్వహణ కార్యక్రమం. నగరంలోని 709 కిలోమీటర్ల ప్రధాన రహదారులను అయిదేళ్ల నిర్వహణ బాధ్యతతో సుమారు 1,839 కోట్ల రూపాయలకు ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. గుంత పడితే పూడ్చవలసిన బాధ్యత ఒప్పందంలోనే రాశారు. పద్ధతి మంచిదే. కానీ అప్పటి జీహెచ్ఎంసీ పరిధిలోని రోడ్ల మొత్తం పొడవు సుమారు తొమ్మిది వేల కిలోమీటర్లు. అంటే నూరు కిలోమీటర్లలో ఎనిమిదింటికే ఆ రక్షణ దక్కింది. మిగిలిన దారుల్లో అత్యధికం వీధులు, గల్లీలే. అక్కడ జలమండలి పైపు కోసమో, కేబుల్ కోసమో తవ్విన కందకాన్ని మన్నుతో కప్పి వెళితే అడిగేదెవరు? బిల్లులు పేరుకుపోయి కాంట్రాక్టర్లే ఆందోళనకు దిగిన రోజులూ చూశాము. అలాంటప్పుడు చిన్న పనికి టెండరు వేసేవారే కరువవుతారు.

రాజ్యాంగం 74వ సవరణ రోడ్లను, మురికివాడల అభివృద్ధిని పన్నెండో షెడ్యూలులో చేర్చి పురపాలక సంస్థలకు అప్పగించదగిన విధులుగా గుర్తించింది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం నిర్దేశించింది. 2006 నాటి ప్రధానమంత్రి పదిహేను సూత్రాల కార్యక్రమంలోనూ మైనారిటీలు నివసించే మురికివాడల మెరుగుదల ఒక అంశం. 2023 జూన్ 16న 150 డివిజన్లలో వార్డు కార్యాలయాలు ప్రారంభించి, రోడ్ల నిర్వహణ చూసే ఇంజనీరునూ అక్కడే అందుబాటులో ఉంచుతామన్నారు. చట్టానికి లోటు లేదు. దాన్ని తలుపు తట్టి అడిగేవారికే లోటు.

ఇక్కడ మనల్ని మనమూ ప్రశ్నించుకోవాలి. ఎన్నికల ముందు ఒక గల్లీకి సిమెంటు రోడ్డు పడగానే నాయకునికి పూలదండ వేస్తాము, ఫ్లెక్సీ కడతాము. మన పన్నుతో వేసిన దారికి మనమే రుణపడినట్లు తల వంచుతాము. 2020 డిసెంబరు ఎన్నికలతో ఏర్పడిన పాలకమండలి గడువు 2026 ఫిబ్రవరితో ముగిసింది. మళ్లీ వాగ్దానాలు వీధుల్లోకి వస్తాయి. అల్వాల్‌లో మనము పాతబస్తీలో మాదిరిగా సంఖ్యాబలం ఉన్నవారము కాము. ఓటు బెదిరింపుతో పని జరిపించుకోలేము. కాగితంతో, పొరుగువారితో కలిసి జరిపించుకోవాలి. మస్జిదు ముందరి గుంత గుడికి వెళ్లే భక్తునికీ, చర్చికి వెళ్లే కుటుంబానికీ అడ్డమే. ఆ అర్జీ మీద వారందరి సంతకాలూ ఉండాలి.

కనుక మస్జిదు కమిటీలకు, యువజనులకు, ముఖ్యంగా ఇంటి ఎదుటి దారి కష్టాన్ని రోజూ చూసే మహిళలకు మా విన్నపం ఇది. ఈ నెలలోనే మీ వీధి పొడవు, గుంతలు, మ్యాన్‌హోళ్లు, నీరు నిలిచే చోట్లు రాసి, ఫొటోలు జతచేసి వార్డు కార్యాలయంలో ఇవ్వండి. అంచనా తయారు చేయమని కోరి, రసీదు తీసుకోండి. పది రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద మూడు విషయాలు అడగండి. గత మూడేళ్లలో మీ డివిజన్‌లో ఏ వీధికి ఎంత ఖర్చయింది, ఆ పనికి కాంట్రాక్టరు బాధ్యత ఎప్పటి వరకు, తవ్విన రోడ్లను పూడ్చేందుకు వసూలైన సొమ్ము ఎక్కడ వాడారు? ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వడం వారి విధి.

పాలకులకు మా డిమాండ్లు కూడా మూడే. వీధులవారీ ఖర్చును ప్రతి వార్డు కార్యాలయం గోడమీద తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రకటించాలి. అంతర్గత రోడ్లకు బడ్జెట్‌లో విడిగా నిధి కేటాయించి, దాన్ని వెనుకబడిన బస్తీల నుంచి ఖర్చు చేయడం మొదలుపెట్టాలి. గల్లీ పనికీ నిర్ణీత కాలం నిర్వహణ బాధ్యత విధించాలి. ఇవి అసాధ్యమైన కోరికలు కావు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం 1989 నుంచే పేటల ప్రజలను కూర్చోబెట్టి, ఏ వీధికి ముందు రోడ్డు వేయాలో వారిచేతనే నిర్ణయింపజేసింది.

దారిలో అడ్డుగా ఉన్న హానికరమైన దాన్ని తొలగించడం కూడా ఈమాన్‌లో భాగమేనని దైవప్రవక్త (స) బోధించారు. నేటి నగరంలో ఆ హాని రాయి రూపంలోనే ఉండదు. రాయని అంచనాగా, అడగని లెక్కగా కూడా ఉంటుంది. దాన్ని తొలగించే బాధ్యత మన మీదా ఉంది. ఇన్షా అల్లాహ్, వచ్చే వానలకు ముందే ఆ పని మొదలుపెడదాము.