తౌబా దర్వాజా ఎవరు మూశారు?

“అబ్బా, మైకేల్ తౌబా చేసుకుంటే అల్లాహ్ మాఫ్ చేస్తాడా?”

మొన్న రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర మా చిన్నోడు వేసిన సవాల్ ఇది. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులో సవాల్ అంటే ‘చేతనైతే కాచుకో’ అనడం. వీడిది రెండు జబానుల్లోనూ సవాలే. చేతిలో లుఖ్మా పట్టుకుని అలాగే ఉండిపోయాను. వాళ్ల అమ్మీ “ముందు ఖానా తిను, సినిమా సంగతి తర్వాత” అని వాడి ప్లేట్లో ఇంకో గరిటె దాల్చా వేసింది. వాడు కడుపునిండా తిని నిద్రపోయాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మైకేల్ అంటే మా చంద్రగిరిలో ఎవరో కాదు. 2024 సంక్రాంతికి వచ్చిన ప్రశాంత్ వర్మ సినిమా ‘హను-మాన్’లో విలన్. వినయ్ రాయ్ వేశాడు. తేజ సజ్జా హీరో. ఆ సినిమా మా ఇంట్లో ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ మా వాడు హనుమంతు ఎగిరినప్పుడు చప్పట్లు కొడతాడు, మైకేల్ చిన్నతనం సీన్ వచ్చినప్పుడు మాత్రం వాళ్ల అమ్మీ పక్కకు జరిగి కూర్చుంటాడు. ఎందుకంటే మైకేల్ కూడా అప్పటికి వీడి ఉమ్ర్ పిల్లాడే.

గుర్తులేనివాళ్ల కోసం చెబుతాను. సౌరాష్ట్రలో ఒక పిల్లాడు. సూపర్ హీరో కావాలని పిచ్చి. కామిక్స్‌లోని హీరోలందరినీ చూస్తాడు. బ్యాట్‌మ్యాన్‌కి అమ్మానాన్న లేరు. సూపర్‌మ్యాన్‌ని కన్నవాళ్లు లేరు. స్పైడర్‌మ్యాన్‌కీ లేరు. అంటే హీరో కావడానికి తనకు అడ్డం ఎవరు? అమ్మానాన్నలే. చంపేస్తాడు. తనను తాను యతీమ్ చేసుకుంటాడు. పెద్దయ్యాక టెక్నాలజీతో సూటు చేయించుకుని హీరోలా తిరుగుతాడు. అదీ చాలక, అసలు తాకత్ కోసం హనుమంతు ఉన్న అంజనాద్రికి వస్తాడు.

కామిక్స్ సినిమాల్లో విలన్‌లకు కరువు లేదు. కానీ కొందరు విలన్‌లను చూస్తే ‘వీడు మారితే బాగుండు’ అనిపిస్తుంది. ఇంకొందరిని చూస్తే ‘వీడు మారడు’ అని మనసు తేల్చేస్తుంది. ఈ రెండో రకం ఎలా తయారవుతుంది? దీనికి జనం మామూలుగా చెప్పే జవాబులు మూడు. మూడూ నాకు సరిపోవడం లేదు.

ఒకటి, ఎంతమందిని చంపాడన్న లెక్క. ఆ లెక్కన ‘అవెంజర్స్’ థానోస్‌ని మించినవాడు లేడు. సృష్టిలో ప్రాణమున్నవాటిలో సగాన్ని ఒక్క చిటికెలో మాయం చేశాడు. మైకేల్ చిన్నప్పుడు చంపింది ఇద్దరిని. అయినా థియేటర్లో థానోస్ మీద జాలిపడ్డవాళ్లను చూశాను. మైకేల్ మీద జాలిపడ్డవాళ్లు నాకు కనబడలేదు. లాషుల లెక్కతో జుల్మ్ బరువు తేలదన్నమాట.

రెండు, చిన్నప్పటి గాయం. ‘ఎక్స్-మెన్’లో మాగ్నీటో చిన్నప్పుడే నాజీల క్యాంపులో అమ్మానాన్నల నుంచి విడిపోయినవాడు. ‘బ్లాక్ పాంథర్’లో కిల్‌మాంగర్ తండ్రిని సొంత అన్నే చంపాడు, పిల్లాణ్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. గాయం నిజం, దర్ద్ నిజం. కానీ అదే మాగ్నీటో 2000 నాటి మొదటి సినిమాలో తన మెషీన్ నడపడానికి రోగ్ అనే అమ్మాయి ప్రాణం ఖర్చుపెట్టడానికి సిద్ధపడ్డాడు. మజ్లూమ్‌గా మొదలైనవాడు జాలిమ్ అయ్యాడు. ఎందుకు అయ్యాడో గాయం చెబుతుంది. అలా కావడానికి ఇజాజత్ మాత్రం ఇవ్వదు. మన మొహల్లాల్లో ఎంతమంది యతీమ్ పిల్లలు పంక్చర్ షాపుల్లో, మటన్ కొట్లలో పనిచేసుకుంటూ చెల్లెళ్ల షాదీలు చేయడం లేదు! గాయం ఒక్కటే విలన్‌ని తయారుచేసేదైతే వాళ్లంతా ఏమయ్యేవాళ్లు?

మూడు, సూరత్. కాలిన ముఖం, గాటు పడ్డ చెంప, వంకర నవ్వు. ఇది అన్నిటికన్నా పాత రోగం. దీని సంగతి కాస్త ఆగి చెబుతాను.

మరి నా కసౌటీ ఏమిటి? నేను ఆలిమ్‌ని కాను, అఖ్బార్‌వాలాని. కానీ ఉర్దూ స్కూల్లో మా ఉస్తాద్ నేర్పిన ఒక చిన్న పాఠం ఇక్కడ పనికొచ్చింది. తౌబాకి ఏం కావాలి? చేసిన పనికి నదామత్ కలగాలి. ఆ పని ఆపాలి. మళ్లీ చేయనన్న ఇరాదా ఉండాలి. ఇంకో మనిషి హక్ తిని ఉంటే అది వాపస్ ఇవ్వాలి, ఆ మనిషిని మాఫీ అడగాలి. ఈ పాఠం పక్కన పెట్టుకుని ఈ విలన్‌లను ఒక్కొక్కరినీ చూడండి.

2004లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్ 2’లో డాక్టర్ ఆక్టోపస్. ఊరంతా నాశనం కాబోతుంటే ఆఖరి నిమిషంలో తన తప్పు తెలుసుకున్నాడు. తన జిందగీ అంతా ధారపోసి కట్టిన యంత్రాన్ని తనే నీళ్లలో ముంచి, దానితోపాటు తనూ మునిగాడు. 2007 నాటి మూడో సినిమాలో శాండ్‌మ్యాన్. స్పైడర్‌మ్యాన్‌ని పెంచిన పెద్దనాన్న చావుకు కారణమైనవాడు. ఎదురుగా నిలబడి జరిగింది ఒప్పుకున్నాడు, హీరో మాఫ్ చేశాడు. ఈ ఇద్దరూ విలన్‌లే, కానీ దర్వాజా దగ్గరికి నడిచి వచ్చారు.

ఇప్పుడు థానోస్. తన మక్సద్ కోసం పెంచిన కూతురు గమోరాని లోయలోకి తోసేశాడు. తోసేముందు ఏడ్చాడు. ఆ కన్నీళ్లు చూసే కొందరు కరిగిపోయారు. కానీ ఆ ఏడుపు వాడి చేతిని ఆపిందా? లేదు. తరువాతి సినిమా ‘ఎండ్‌గేమ్’లో అసలు రంగు బయటపడుతుంది. బతికి ఉన్నవాళ్లు పోయినవాళ్లను మరిచిపోవడం లేదని తెలిసేసరికి, అయితే మొత్తం సృష్టినే చెరిపేసి, తనకు షుకర్ చెప్పే కొత్త సృష్టిని చేస్తానంటాడు. దునియాకి మేలు చేస్తున్నానన్నవాడికి కావలసింది దునియా తన ముందు తలవంచడం. దీన్నే మన ఇళ్లలో తకబ్బుర్ అంటారు.

మన పిల్లలకు మొట్టమొదట చెప్పే ఖిస్సా కూడా ఇదే కదా. తప్పు హజ్రత్ ఆదమ్ అలైహిస్సలాం దగ్గరా జరిగింది, ఇబ్లీస్ దగ్గరా జరిగింది. ఆదమ్ తప్పు తనదని ఒప్పుకుని ఏడ్చారు. ఇబ్లీస్ తాను మట్టి మనిషికన్నా గొప్పవాణ్నని వాదించాడు. మోహ్లత్ దొరికింది. ఆ మోహ్లత్‌ని మాఫీ అడగడానికి వాడుకోలేదు, ఇతరులను చెడగొట్టడానికి అడిగి తీసుకున్నాడు.

తెలుగు సినిమా ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టింది. 1951 నాటి ‘పాతాళ భైరవి’లో ఎస్వీ రంగారావు వేసిన నేపాళ మాంత్రికుణ్ని గుర్తుచేసుకోండి. తనకు శక్తులు రావాలి, అందుకు ఒక సాహసి ప్రాణం బలి కావాలి. ఆ సాహసి తోటరాముడు. ఆట తిరగబడి మాంత్రికుడే బలైపోయాడు. తరువాత శిష్యుడు సదాజపుడు మళ్లీ బతికించాడు. ఎంతమందికి దొరుకుతుంది రెండో జిందగీ? కళ్లు తెరిచి వాడేం చేశాడు? మళ్లీ అదే విగ్రహం కోసం, అదే పన్నాగం. మారని మనిషిని దీనికన్నా బాగా చూపించిన సినిమా నాకు తెలియదు. కథకుడు వాడికి మౌఖా ఇచ్చాడు, వాడే కాదన్నాడు. అందుకే ఆ పాత్ర మీద మనకు ఎలాంటి షక్ మిగలదు.

మైకేల్ ఆ మాంత్రికుడి ఖాన్‌దాన్‌లోవాడే. మాంత్రికుడికి తోటరాముడు ఎలాగో మైకేల్‌కి అమ్మానాన్నలు అలాగ, తన కల కోసం కొట్టే బలి. వాళ్లు అతణ్ని హింసించినవాళ్లు కారు. కొడుకు పిచ్చి చూసి మందలించిన మామూలు తల్లిదండ్రులు. నన్ను భయపెట్టేది అతని తెలివితక్కువ లెక్క. హీరోల సూరత్ చూశాడు, సీరత్ చూడలేదు. బ్యాట్‌మ్యాన్ అమ్మానాన్న పోయారు కాబట్టి హీరో కాలేదు. ఆ దుఃఖం ఇంకో పిల్లాడికి రాకూడదని రాత్రిళ్లు నిద్ర మానుకున్నాడు కాబట్టి అయ్యాడు. మైకేల్‌కి దుఃఖం లేదు, దుఃఖం తాలూకు లిబాస్ కావాలి. పెద్దయ్యాక కూడా ‘నేను చేసింది ఏమిటి’ అని ఒక్కసారి ఆగి చూసుకోడు. నేకీ కూడా అతనికి ఒక సూటు, వేసుకుని విప్పేది.

ఇక ఆపి ఉంచిన సూరత్ సంగతి. 2008 ‘ఐరన్ మ్యాన్’లో హీరోని అఫ్గాన్ గుహలో బంధించిన గుంపును చూపిస్తారు. గడ్డాలు, తుపాకులు. వాళ్ల చేతికి ఆయుధాలు అమ్మిన అసలు విలన్ ఒబదయా స్టేన్ హీరో సొంత కంపెనీలో సూటూబూటూ వేసుకుని కూర్చున్నాడు. అదే గుహలో హీరో ప్రాణం కాపాడి, అతని కోసం ప్రాణమిచ్చిన యిన్‌సెన్ కూడా ఉన్నాడు. కానీ మా వాడు మొదటిసారి ఆ సినిమా చూసి వచ్చి నన్నడిగింది గుహలో వాళ్ల గురించే. “వాళ్లు మనవాళ్లా అబ్బా?” స్టేన్‌ని చూసి ఏ పిల్లాడూ అలా అడగడు. నాకు ఆ రోజు గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

అయితే ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. మైకేల్ అన్న పేరు విన్నప్పుడు నాకు ఆ ముల్లు గుచ్చుకోలేదు. సినిమా మొత్తం హాయిగా చూశాను. మా వీధి చివర చర్చికి వెళ్లే కుటుంబం ఉంది. ఈద్‌కి మా ఇంటి సేమ్యా వాళ్లింటికి వెళుతుంది, క్రిస్మస్‌కి వాళ్ల కేక్ మా ఇంటికి వస్తుంది. వాళ్ల పిల్లాడు ఈ సినిమా చూసి వాళ్ల నాన్నని ఏమడిగి ఉంటాడు? నాకు ఈ ఖయాల్ మొన్న రాత్రిదాకా రాలేదు. మన పేరు పెడితే జుల్మ్, ఇంకొకరి పేరు పెడితే సినిమా అనుకుంటే మనం సూరత్ చూసేవాళ్లమే. మైకేల్ చేసిన పనే అతణ్ని విలన్ చేసింది. ఆ పేరు తీసేసినా ఆ పాత్ర నల్లగానే ఉంటుంది. మంచి విలన్‌కి ఇదొక పరీక్ష. పేరు, గడ్డం, బొట్టు, రంగు అన్నీ తీసేసి చూడండి. అప్పటికీ చెడు మిగిలితే అది పాత్ర. ఏమీ మిగలకపోతే అది తాస్సుబ్.

ఇది సినిమాతో ఆగేదైతే ఇంత రాసేవాణ్ని కాదు. ఆదివారం పిల్లల్ని తీసుకుని మా కోటకి వెళ్లాను. రాజమహల్ మ్యూజియంలో విగ్రహాలు చూశాక మా వాడు అడిగాడు. “ఈ రాజులు హంపీ నుంచి ఇక్కడికి ఎందుకొచ్చారు? విలన్ ఎవరు?” 1565 యుద్ధంలో అళియ రామరాయలు పోయాక రాజధాని పెనుకొండకీ, అక్కడి నుంచి చంద్రగిరికీ మారింది. ఆ రోజు ఎదుటి ఫౌజ్‌లో గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్‌షా ఉన్నాడు. ఇంతవరకే చెబితే కామిక్ పుస్తకం పూర్తవుతుంది, క్లాసులో మా వాడి పక్కన కూర్చున్నవాడు వీణ్ని ఆ ఫౌజ్‌లో చేర్చేస్తాడు. కానీ అదే ఇబ్రహీం సుల్తాన్ కాకముందు ఏడేళ్లు విజయనగరంలో అదే రామరాయల పనాహ్‌లో బతికాడు. తెలుగు కవులను ఆదరించాడు. వాళ్లు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. ఉప్పు తిన్న ఇంటి మీదికి ఫౌజ్ తీసుకెళ్లినవాడూ, తెలుగు కవిత్వం విని మురిసిపోయినవాడూ ఒక్కడే. విలన్ అందామా, హీరో అందామా? ఇన్సాన్ అందాం. అతని తప్పు అతని పేరున రాద్దాం. నాలుగు వందల యాభై ఏళ్ల తరువాత పుట్టిన పిల్లాడి పేరున రాయొద్దు.

కామిక్స్ సినిమా ఆఖరికి పిల్లలకు నేర్పేది చెడును గుర్తుపట్టడం. అది మంచి తాలీమే. ఎక్కడ చూసి గుర్తుపట్టాలో మనం నేర్పాలి. ముఖం చూసి కాదు, పేరు చూసి కాదు. ఎదుటి మనిషిని మనిషిగా చూస్తున్నాడా, తన కలకు కట్టెపుల్లగా వాడుతున్నాడా అన్నది చూసి. తప్పు చూపించినప్పుడు తల వంచుతున్నాడా, తానే గొప్ప అంటున్నాడా అన్నది చూసి. ఈ కసౌటీ పెడితే విలన్ మన ఇంట్లో, మన జమాత్‌లో ఉన్నా దొరుకుతాడు. కట్నం కోసం కోడల్ని ఏడిపించి ‘మేమేం తప్పు చేశాం’ అనేవాడు ఏ మాస్కూ వేసుకోడు.

కోట మెట్లు దిగేటప్పుడు మా వాడికి జవాబు చెప్పాను. మైకేల్ నిజంగా తౌబా చేసుకుంటే మాఫీ అల్లాహ్ చేతిలో పని, ఆయన రహ్మత్‌కి నేను లెక్క కట్టలేను. కానీ ఆ రోజు నుంచి మైకేల్ విలన్‌గా ఉండడు, సినిమా కూడా అక్కడే ఆగిపోతుంది. అతను ఆఖరిదాకా విలన్‌గా మిగిలింది ఆ దర్వాజా తెరిచి ఉండగా లోపలికి రానన్నందుకే.

వాడు కాసేపు ఆలోచించాడు. “అయితే అబ్బా, నిన్న చెల్లి పెన్సిల్ విరగ్గొట్టింది నేనే. చెల్లిదే తప్పని అమ్మీకి చెప్పాను. ఇంటికెళ్లి చెప్పేస్తాను” అన్నాడు.

“కొత్త పెన్సిల్ కూడా కొనివ్వాలి” అన్నాను. హక్ వాపస్ ఇవ్వకుండా తౌబా ఎక్కడ పూర్తవుతుంది? కోట గేటు బయట చిల్లర కొట్లో ఆగాం. డబ్బులు వాడి గల్లాలోవే ఇస్తానన్నాడు.