పన్నెండు గంపలు

అయిదు వేలమంది పురుషులు పచ్చిక మీద కూర్చుని కడుపారా తిన్నారు. అయిదు రొట్టెలు, రెండు చేపలతో యేసుప్రభువు చేసిన ఆ అద్భుతం మనందరికీ తెలుసు. భోజనాలయ్యాక జరిగింది మాత్రం మరచిపోతాం. మిగిలిన ముక్కలేవీ వ్యర్థం కాకుండా పోగుచేయమని ప్రభువు శిష్యులకు చెప్పాడు (యోహాను 6:12). పన్నెండు గంపలు నిండాయి.

కొన్నేళ్ళ క్రితం మా సంఘ యువజనులతో కరీంనగర్ నుంచి బస్సు మాట్లాడుకుని ఆదిలాబాద్ జిల్లా కుంటాల జలపాతానికి వెళ్ళాం. పాటలు పాడాం, సృష్టికర్తను స్తుతించాం, పులిహోర తిన్నాం. బస్సెక్కి వెనక్కి చూస్తే రాళ్ళ మధ్య మా థర్మాకోల్ ప్లేట్లు, నీళ్ళ సీసాలు కనిపించాయి. పొద్దుపోయిందని సాకు చెప్పుకున్నామే గానీ దిగి ఏరలేదు. స్తోత్రం చెప్పిన నోళ్ళు మావే, పాడుచేసిన చేతులూ మావే. కుంటాల నీరు కడెం జలాశయానికి, అక్కణ్ణించి గోదావరికి, చివరికి సముద్రానికి చేరుతుంది. మా చెత్తకూ అదే దారి.

ఆ సముద్రంలో పగడపు దిబ్బలున్నాయి. పగడం రాయి కాదు, ప్రాణి. ఈతకు దిగినవారి కాలు తగిలితే విరుగుతుంది, మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే పసిఫిక్‌లోని పలావు దీవుల దేశం 2017లో ఒక పద్ధతి పెట్టింది. అక్కడికి వచ్చే యాత్రికుడు ప్రకృతికి హాని చేయనని, పాస్‌పోర్టులో ముద్రవేసిన ప్రమాణం మీద సంతకం చేయాలి. ఆ మాట ఇచ్చేది ఆ దేశపు పిల్లలకు.

మన కవ్వాల్ అడవి 2012లో పులుల అభయారణ్యమైంది. 2024లో రాంపూర్, మైసంపేట గ్రామాల కుటుంబాలు అడవిలోని తమ ఊళ్ళు విడిచి బయటికి వచ్చాయి. పులి కోసం వాళ్ళు ఇల్లూవాకిలీ వదులుకున్నారు. సఫారీకని జన్నారం వెళ్ళే మనం ఖాళీ సీసాను ఇంటికి తెచ్చుకోలేమా? అక్కడి వసతి గృహాలవారు కూడా గది తాళంచెవితోపాటే అడవి నియమాలు చెప్పాలి. తాగునీరు పెట్టి సీసాల అవసరం తగ్గించాలి. అతిథి నొచ్చుకుంటాడని మౌనంగా ఉండటం మర్యాద కాదు.

దేవుడు ఆదామును తోటలో ఉంచింది దాన్ని సేద్యం చేయడానికి, కాపాడడానికి (ఆదికాండం 2:15). విహారయాత్రకు వెళ్ళినంత మాత్రాన ఆ కాపలా పనికి సెలవు దొరకదు. శిష్యులు పన్నెండు గంపలు నింపారు. మన బస్సులో రెండు గోనెసంచులకు చోటు లేదా?