వెనుక సీటు వారి మాట

మోటారు సైకిలు కొనబోయేవారు ఇంజను సామర్థ్యాన్ని, మైలేజీని క్షుణ్ణంగా విచారిస్తారు. ఆ బండి వెనుక సీటులో నిత్యం ప్రయాణించవలసిన వారిని మాత్రం షోరూముకు వెంట తీసుకువెళ్ళరు.

మేమూ ఒకప్పుడు అదే పొరపాటు చేశాము. వెనుక సీటు ఎత్తుగా, ముందుకు వాలి ఉన్న బండిని ముచ్చటపడి కొన్నాము. అందానికి అడ్డమని శారీ గార్డును కూడా తీయించివేశాము. ఒక సాయంత్రం మా శ్రీమతి చీర కొంగు చక్రంలో చిక్కుకున్నది. బండి నెమ్మదిగా పోతున్నందున కొంగు చిరగడంతో సరిపోయింది. మరునాడే గార్డును తిరిగి బిగించాము.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 123వది ఇందుకే ఉన్నది. వెనుక కూర్చునేవారికి చేతిపట్టు, ఫుట్‌రెస్టు, దుస్తులు చిక్కుకొనకుండా వెనుక చక్రాన్ని కనీసం సగం మేర కప్పే రక్షణ ఉండితీరాలని అది నిర్దేశిస్తున్నది.

కనుక బండిని ఇద్దరూ ఎక్కి పరీక్షించండి. సీటు సమతలంగా, వెడల్పుగా ఉన్నదా? ఇద్దరి బరువుతో ఆపినప్పుడు నడిపేవారి రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయా? బ్రేకు వేస్తే వెనుకవారు ముందుకు జారుతున్నారా? అదనపు బరువులో అధికభాగం వెనుక చక్రంపైనే పడుతుంది. అందుచేత వెనుక టైరులో గాలిని ఇద్దరి ప్రయాణానికి తయారీదారు సూచించిన మేరకు నింపాలి. అవసరమైతే షాక్ అబ్సార్బరు స్ప్రింగును ఒక మెట్టు బిగించాలి.

రెండవ హెల్మెట్టు ఖరీదును బండి ధరలోనే లెక్క వేసుకోండి. తుది మాట వెనుక కూర్చునేవారిదే కానివ్వండి.